జనవరి రోగి

లాండ్‌క్వార్ట్, అక్టోబర్ 14

సెరైనా అక్కకి,

ప్రీమియం పెరిగిందన్న కాగితం నీకూ వచ్చే ఉంటుంది. మన స్విట్జర్లాండులో చెట్ల ఆకులు రాలకముందే బీమా కంపెనీల కాగితాలు రాలతాయి. నీ ప్రీమియం ఎంత పెరిగిందో రాయి, లెక్క చూసి పెడతాను.

నా పద్ధతి నీకు తెలిసిందే. సొంత వాటా ఎప్పుడూ పై మెట్టులోనే పెట్టుకుంటాను. ఏడాదిలో మొదటి రెండు వేల ఐదు వందల ఫ్రాంకుల వైద్యం నా జేబులోంచి, ఆ పైన కంపెనీ. అందుకే నెల నెలా ప్రీమియం తక్కువ. పదకొండేళ్ళయింది డాక్టరు గడప తొక్కి. ఆ మిగిలిన డబ్బుతోనే వంటిల్లు కొత్తగా కట్టించుకున్నాను. నీలాగ చీటికీమాటికీ డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తేవాళ్ళు మాత్రం కింది మెట్టులో, మూడు వందల దగ్గరే ఉండాలి. మందుల షాపులో పేరున్న మందు ఇస్తే తీసుకోకు, అదే సరుకు చౌక డబ్బాలో ఉంటుంది, అడుగు. సిగ్గుపడకు.

మార్పు ఏదైనా ఉంటే నవంబర్ ఆఖరి రోజుకల్లా మన ఉత్తరం కంపెనీ చేతిలో పడాలి. పోస్టు డబ్బాలో పడితే చాలదు. ఏటా ఇదే మాట చెప్పి నా నోరు నొప్పెడుతోంది.

ఇక్కడ అంతా మామూలే. ఎడమ కంట్లో మాత్రం మసి రేకుల్లాంటివి ఎగురుతున్నాయి. కళ్ళజోడు సబ్బుతో కడిగినా పోలేదు. సరిహద్దు దాటి ఆస్ట్రియాలో చవగ్గా కొన్న కళ్ళజోడు, దాని బతుకు అంతే.

నీ మేలు కోరే
కుర్దిన్


గ్వార్దా, అక్టోబర్ 21

నా మేలు కోరేవాడికి,

నీవల్ల నాకు జరిగిన మేలు చాలు. ఫోన్లో అయితే మన మాటలు రెండో నిమిషానికే తెగిపోతాయి కాబట్టి కాగితం మీద తిడుతున్నాను, నిదానంగా చదువుకో.

మూడేళ్ళ కిందట ఇలాంటి అక్టోబర్ ఉత్తరంలోనే రాశావు. "అక్కా, ఆసుపత్రిలో ఇద్దరి గది కోసం ఆ అదనపు బీమా దండగ, నేను చెప్పే కంపెనీలో అదే గది సగం ధరకి వస్తుంది" అని. నీ మాట విని పాతది రద్దు చేశాను. కొత్తవాళ్ళు ఒంట్లో ఏమేం జబ్బులున్నాయో రాయమన్నారు. నా తుంటి సంగతి ఉన్నదున్నట్టు రాశాను. రాసినందుకు మర్యాదగా వద్దన్నారు. పాతవాళ్ళ దగ్గరికి తిరిగి వెళితే వాళ్ళూ అవే ప్రశ్నలు అడిగి, వాళ్ళూ మర్యాదగా వద్దన్నారు. మామూలు బీమాకి అందర్నీ తీసుకోక తప్పదట, అదనపు బీమాకి ఆ బాధ్యత లేదట. అందరికీ నీతులు చెప్పే నువ్వు నాకు ఆ ఒక్క ముక్క చెప్పలేదు.

పోయినేడు వసంతంలో తుంటి కోసినప్పుడు నాలుగు మంచాల గదిలో పడేశారు. పక్క మంచం ఆవిడ తన కోడలి విడాకుల కథంతా ఫోన్లో ఊరంతటికీ చెప్పింది. నొప్పితో నేను గోడ వైపు తిరిగి ఏడుస్తుంటే నువ్వు ద్రాక్షపళ్ళు పట్టుకుని వచ్చి, "నాలుగు మంచాలుంటే కాలక్షేపం కదా అక్కా" అన్నావు. ఆ మాట నేను చచ్చేదాకా మర్చిపోను.

ఇక నీ కన్ను. నువ్వు రైల్వేలో నలభై ఏళ్ళు పటాలు గీసినవాడివి. గీతల్లేని కాగితం మీద కూడా స్కేలు పెట్టినట్టు రాసేవాడివి. ఈసారి నీ ఆఖరి పేరా కొండ దిగుతున్నట్టు వాలిపోయింది. కళ్ళజోడుని తిట్టడం మాని కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళు.

వేటగాళ్ళు జింక మాంసం పంచారు. నీ భాగం తీసి పెట్టాను. కోపం వేరు, మాంసం వేరు.

దండగమారి అక్క
సెరైనా


లాండ్‌క్వార్ట్, నవంబర్ 3

అక్కకి,

ఆ మంచం గోల ఇంకెన్నాళ్ళు? నేను రాసింది సగమే చదివావు. "కొత్తవాళ్ళు ఒప్పుకున్నట్టు కాగితం చేతికొచ్చాకే పాతది రద్దు చెయ్యి" అని కూడా రాశాను. చవక అన్న మాట చూడగానే ఎగిరి గంతేసి ముందే రద్దు చేసింది నువ్వు. తప్పు నీది, తిట్లు నాకు. చిన్నప్పుడు పాలగిన్నె నువ్వు తన్నేసి నా వీపు చీరించినట్టే ఉంది ఇదీ.

కంటి సంగతి నువ్వేం పట్టించుకోనక్కర్లేదు. ఇప్పుడు మసి రేకులతో పాటు మెరుపులు కూడా వస్తున్నాయి, తల తిప్పినప్పుడల్లా కంటి కొసన. ఉరుము లేని మెరుపు, టిక్కెట్టు లేని సినిమా. మోకాలు కూడా పట్టేస్తోంది. అందుకని ఈసారి నా పద్ధతి మార్చాను. ఈ నెలాఖర్లోగా కంపెనీకి రాసి సొంత వాటా మూడు వందలకి దించేస్తాను. అది జనవరి ఒకటి నుంచి అమలవుతుంది. అప్పుడు కన్ను, మోకాలు, ఇంకా ఏమేం ఉంటే అన్నీ ఒకేసారి చూపించుకుంటాను. ఇప్పుడు వెళితే రెండు వేల ఐదు వందల దాకా నా నెత్తిన పడుతుంది. కాస్త ఓపిక పడితే ఆ డబ్బు మిగులుతుంది. మా రైల్వే పింఛనుదార్లలో సగం మంది జనవరి రోగులే. పండగ సెలవులు అయిన మర్నాడు డాక్టర్ల దగ్గర కూర్చోడానికి కుర్చీ దొరకదు.

నీకు లెక్కలు రావు కాబట్టి ఇది నీకు పిసినారితనంలా కనిపిస్తుంది. మా అమ్మాయి లదీనాకి ఈ కబుర్లేవీ మోయకు. బాసెల్‌లో దాని గోల దానికుంది.

కుర్దిన్

మాంసంలో వెనక తొడ నాది. పోయినేడు నాకు మెడ ఇచ్చావు, గుర్తుంది.


గ్వార్దా, నవంబర్ 9

జనవరి రోగికి,

నిన్న దుకాణంలో మా డాక్టరమ్మ కనిపించింది. జున్ను తూయించుకుంటోంది. నీ మసి రేకులూ మెరుపులూ చెప్పాను. జున్ను చేతిలో అలాగే పట్టుకుని నిలబడిపోయింది. "ఎవరికి?" అంది. "నాకొక మొండి తమ్ముడున్నాడు" అన్నాను.

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. కంటి వెనక గోడకి పొర ఒకటి ఉంటుందట, దాంతోనే మనం చూసేది. ఆ పొర లాగుతుంటే మెరుపులొస్తాయి. చిరిగితే మసి రేకులు ఎగురుతాయి. చిరుగులోంచి నీరు వెనక్కి పోయి, చెమ్మ గోడకి అంటించిన రంగుకాగితంలా పొర ఊడొస్తుంది. చిరుగు దగ్గరే పట్టుకుంటే కాసేపట్లో లేజరుతో అతికేసి ఇంటికి పంపేస్తారట. ఊడడం మొదలైతే కొయ్యాలి. నడి మధ్య దాకా ఊడిందంటే, ఎంత పెద్ద డాక్టరు కోసినా పోయిన చూపు పూర్తిగా రాదు. నల్లటి నీడ కనిపిస్తే మాత్రం ఆ గంటలోనే బయల్దేరాలంది.

వెళ్ళు. బిల్లు నాకు పంపు. నీ పుణ్యమా అని అదనపు బీమాకి కట్టే పని తప్పింది కదా, ఆ డబ్బులు మూలుగుతూనే ఉన్నాయి. పిల్లికి బిచ్చం పెట్టనివాడికి నేను బిచ్చం పెట్టానని నలుగురికీ చెప్పుకుంటాను.

వారంలోగా వెళ్ళకపోతే లదీనాకి నేనే చెబుతాను.

సెరైనా


లాండ్‌క్వార్ట్, నవంబర్ 18

చాడీల అక్కకి,

లదీనా ఫోన్ చేసింది. ఏడ్చింది. కళ్ళజోడు మార్చాను, అంతా బాగుంది అని చెప్పాను. నమ్మింది. కూతురికి అబద్ధం చెప్పించావు నా చేత, సంతోషమేనా?

ఇంక నీ బిచ్చం. నా బిల్లు నేను కట్టుకోలేక కాదు ఆగింది. నీ ఎత్తు నాకు తెలీదనుకున్నావా? నేను కూడా ఆ నాలుగు మంచాల గదిలో పడాలి, నువ్వు ద్రాక్షపళ్ళు పట్టుకొచ్చి "కాలక్షేపం కదా తమ్ముడూ" అనాలి. ఏడాదికి పైగా ఆ మాట నోట్లో పెట్టుకుని తిరుగుతున్నావు. నీకు నా కన్ను కావాలా, నా మీద గెలుపు కావాలా? నాకు తెలుసు నీకేది కావాలో.

నీడ అన్నావు కదా. ఉంది. కింద, ముక్కు వైపు. టోపీ అంచు తలకిందులుగా పెట్టుకున్నట్టు ఉంటుంది. పేపరు కాస్త పైకెత్తితే అడ్డం రాదు. క్రిస్మస్ వెళితే జనవరే. ఆ మాత్రం ఆగలేని మనిషిని కాను.

ఇక నాకు రాయకు.

కుర్దిన్


గ్వార్దా, నవంబర్ 22

రాయకు అన్నావు కాబట్టి రాస్తున్నాను.

నీడ ఉందని అంత తేలిగ్గా రాశావేంట్రా? వర్షం పడుతోంది అన్నట్టు? నీకు ఫోన్ చేస్తే పెట్టేస్తున్నావు. వచ్చి తలుపు కొడదామంటే ఈస్టరుకి వచ్చినప్పుడు ఏం చేశావో మర్చిపోలేదు, లోపల దీపం వెలుగుతుండగానే తియ్యలేదు. కొత్త తుంటితో మంచులో నీ గుమ్మం ముందు నిలబడలేను.

ఒక్కటి విను. నువ్వు గుడ్డివాడివైతే నేను చెయ్యి పట్టుకుని నడిపించను. నీ కూరలు తరగను. నీ బీమా కాగితాలు చదివి వినిపించను. నాన్న నాకు తమ్ముణ్ణి అప్పజెప్పాడు గాని గాడిదని కాదు. ఇవాళే వెళ్ళు. నీ కాళ్ళు పట్టుకోమంటే అదీ పట్టుకుంటాను, తర్వాత జీవితాంతం దెప్పుతాను. వెళ్ళు.

సెరైనా


గ్వార్దా, నవంబర్ 29, శుక్రవారం

కుర్దిన్,

ఇవాళ పొద్దున నీ కవరు వచ్చింది. పైన నా పేరు, నా ఊరు, నీ రాతే. విప్పితే లోపల "గౌరవనీయులైన అధికారులకు" అని ఉంది. మొదట నన్నే వెక్కిరిస్తున్నావనుకున్నాను. నీ చేతినుంచి నాకు ఇంత మర్యాదైన ఉత్తరం ఎప్పుడూ రాలేదు. రెండో వాక్యం చదివితే గాని తెలియలేదు. జనవరి నుంచి సొంత వాటా మూడు వందలకి దించమని కంపెనీకి నువ్వు రాసిన ఉత్తరం అది. రెండు కవర్లు ఒకేసారి అంటించి ఉంటావు, ఒకదాన్లోది ఇంకొకదాన్లో పెట్టావు. స్కేలు లేకుండా సొరంగాలు గీసినవాడికి కవర్లు కనపడలేదు. నాకు రాసిన తిట్లు ఈపాటికి కంపెనీ బల్ల మీద ఉంటాయి.

రేపటితో గడువు ఆఖరు. రైలెక్కి సాయంత్రంలోగా కంపెనీ కౌంటర్లో ఇచ్చి రావచ్చు, టైము ఉంది. కోటు వేసుకున్నాను, బూట్లు కట్టుకున్నాను. గుమ్మం దాకా వెళ్ళాను కూడా. అక్కడ ఆగి ఆలోచించాను. ఈ కాగితం వాళ్ళకి చేరితే నువ్వు జనవరి దాకా కదలవు. నాకు నీ సంగతి తెలుసు.

వెనక్కి వచ్చి దాన్ని పొయ్యిలో వేశాను. కాలడం అయ్యేదాకా పక్కనే కూర్చున్నాను.

పొరపాటున చేశానని చెప్పను. కావాలనే చేశాను. వచ్చే ఏడాదంతా నీ సొంత వాటా రెండు వేల ఐదు వందలే. ఇప్పుడు నీకు జనవరితో పని లేదు. ఆగినా పైసా మిగలదు, కన్ను మాత్రం పోతుంది. ఇంకో ఉత్తరం పంపుదామనుకుంటావేమో, ఇది వేగపు తపాలాలో రేపు నీ చేతికి అందుతుంది. రేపు శనివారం, కంపెనీ తలుపులు మూసి ఉంటాయి. కంప్యూటరు నుంచి పంపడానికి నీ దగ్గర కంప్యూటరు లేదు, కొంటే ఖర్చు కదా. ఆసుపత్రి తలుపులు మాత్రం శనివారం కూడా తెరిచే ఉంటాయి.

కేసు పెట్టుకో. లాయరు ఫీజు ఎంతో ముందు కనుక్కో.

సెరైనా


ఆసుపత్రి నుంచి, డిసెంబర్ 9

అక్క అని రాయడానికి చెయ్యి రావట్లేదు, వేరే మాట దొరక్క రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి వంటింట్లో నిలబడి అరిచాను. పై అంతస్తు వాళ్ళు దిగొచ్చారు. ఉత్తరం పంపిన రోజు నాకూ అనుమానం రాలేదు. రెండూ తెల్ల కవర్లే, నీ మీద కోపంతో ఏది దేన్లో పెట్టానో చూసుకోకుండా అంటించాను. వేరేవాళ్ళ ఉత్తరం కాల్చే హక్కు నీకెవరిచ్చారు? అరవై ఏళ్ళుగా నన్ను అడక్కుండా నా సంగతులన్నీ నువ్వే తేలుస్తున్నావు.

ఆ కోపంతోనే ఆసుపత్రిలో కంటి అత్యవసర విభాగానికి వెళ్ళాను. ఎందుకో తెలుసా? ఈ కంటికి ఏమీ లేదని డాక్టరు చేత రాయించుకుని, రిజిస్టర్డ్ పోస్టులో నీ మొహాన కొడదామని. చూసిన కుర్ర డాక్టరు కబుర్లు చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. ఇంకో డాక్టర్ని పిలిచాడు. ఆవిడ మూడో ఆయన్ని పిలిచింది. ఇంటికి వెళ్ళి పైజామా తెచ్చుకుంటానంటే కూడా వెళ్ళనివ్వలేదు. ఆదివారం పొద్దున్నే కోశారు. పొర ఊడుకుంటూ వచ్చి నడి మధ్యకి వెంట్రుకవాసి దూరంలో ఆగిందట. ఇంకొక్క రోజు ఆగి ఉంటే ఏమయ్యేదని అడిగాను. కంటి డాక్టరమ్మ నా దిండు సర్దింది.

కంట్లో గాలిబుడగ పెట్టారు, అది పొరని నొక్కి పట్టి ఉంచుతుందట. రోజంతా తల వంచుకునే ఉండాలి. డాక్టర్లు వంచమన్నారు కాబట్టి వంచాను, నీకు వంచానని సంబరపడకు. ఉత్తరం రాయడానికి మాత్రం అనువుగా ఉంది. పొలోమని వచ్చేయకు.

నాలుగు మంచాల గది. ఎదురు మంచం వాడు ట్రాక్టరు అమ్ముతున్నాడు, ఫోన్లో. పొద్దుటి నుంచి అదే ట్రాక్టరు. నిన్న ఏడుపొస్తే గోడ వైపు తిరుగుదామనుకున్నాను, తల తిప్పకూడదని నర్సు అరిచింది. నువ్వు చెప్పింది నిజమే. కాలక్షేపం కాదు.

నేను నీకు రాసిన ఉత్తరాన్ని కంపెనీవాళ్ళు నాకు తిప్పి పంపారు. అందులో నిన్ను గయ్యాళి అన్నాను, నీ మంచం నువ్వే మోసుకో అన్నాను, ఇంకా చాలా అన్నాను. కింద వాళ్ళు "మీ అభిప్రాయాలు నమోదు చేసుకున్నాం, మార్పు కోరుతూ ఏదీ అందనందున మీ సొంత వాటా యథాతథం" అని రాశారు. ఈ ఏడాది ఒక రెండు వేల ఐదు వందలు, మళ్ళీ వచ్చే ఏడాది పరీక్షలకి ఇంకో విడత. మొదటిది నా కర్మ. రెండో దాంట్లో మూడు వందలు పోను మిగతా రెండు వేల రెండు వందలు నువ్వు నాకు బాకీ. రాసి పెట్టుకో.

బుడగ కరిగేదాకా కొండ ఎక్కకూడదట, ఎత్తుకి పోతే లోపల ఉబ్బి కన్ను పాడవుతుందట. క్రిస్మస్‌కి గ్వార్దా రాను. నీకు ప్రశాంతం.

కుర్దిన్


గ్వార్దా, డిసెంబర్ 15

కుర్దిన్,

ఒక్క ఫ్రాంకు కూడా ఇవ్వను. ఇద్దరి గది నాకు జన్మలో రాదు, దానికి నువ్వు నాకేం ఇచ్చావు? ద్రాక్షపళ్ళు. పుల్లటివి.

ఆ కాగితం కాల్చినందుకు నాకు బాధ లేదు. మళ్ళీ వచ్చినా మళ్ళీ కాలుస్తాను. నిన్ను నేనే ఎత్తుకుని పెంచాను, నీ సంగతులు నేను తేల్చక ఎవరు తేలుస్తారు? నీ ఉత్తరం వచ్చేదాకా తొమ్మిది రోజులు లదీనా ఫోన్లో చెప్పిన ముక్కలు తప్ప నాకేమీ తెలీదు. ఆ తొమ్మిది రోజులూ నేనెలా ఉన్నానో నీకు రాయను, రాస్తే నువ్వు వాడుకుంటావు.

"కాలక్షేపం కాదు" అన్న మాట రెండు సార్లు చదివాను. క్షమించలేదు. నమోదు చేసుకున్నాను.

అక్రోటు కేకు పంపుతున్నాను. తల వంచుకుని తినడానికి వీలుగా చిన్న ముక్కలు కోశాను. ట్రాక్టరు వాడికి పెట్టకు. వెనక తొడ ఫ్రీజర్లో ఉంది, దాన్ని తపాలాలో పంపలేను.

నాలుగు పేజీలు రాశావు. ట్రాక్టరు రాశావు, నర్సు అరుపు రాశావు, బాకీ రాశావు. ఆ కన్ను చూస్తుందో లేదో ఎక్కడా రాయలేదు. నేను నీ ఉత్తరం అంతా ఆ ఒక్క మాట కోసం వెతికాను. డబ్బు గురించి ఇంకొక్క అక్షరం రాసేముందు అది రాయి.

సెరైనా


లాండ్‌క్వార్ట్, ఫిబ్రవరి 3

అక్కా,

నువ్వు అడిగినదానికి వెంటనే జవాబు రాయలేదు, ఎందుకంటే నాకే తెలీదు. బుడగ ఉన్నన్నాళ్ళూ నీళ్ళ గ్లాసులోంచి చూసినట్టే ఉంది. మొన్న శుక్రవారం బుడగ పూర్తిగా పోయిందన్నారు. గోడ మీది అక్షరాలు చదవమన్నారు. పెద్దవి చదివాను, చిన్నవి ఊహించాను. ఊహించినవి లెక్కలోకి రావంది కంటి డాక్టరమ్మ. అద్దంలో నా మొహం కనిపిస్తోంది గాని అది నేను బట్టీ పట్టిన మొహం, పరీక్షకి పనికిరాదు.

కొండ ఎక్కవచ్చన్నారు. ఆదివారం మధ్యాహ్నం రైల్లో వస్తున్నాను. మాంసం తినడానికి, బాకీ వసూలుకి. అదనపు బీమా సంగతి కూడా మాట్లాడాలి, నేను రాసిన ఆ పాత ఉత్తరం దాచే ఉంటావు, తీసి పెట్టు. "కాగితం చేతికొచ్చాకే" అని అందులో ఉందో లేదో ఇద్దరం చూద్దాం. లేకపోతే ఏం చెయ్యాలో అప్పుడు చూద్దాం.

స్టేషనుకి రా. గడియారం కింద నిలబడు, మంచు ఉంటే గోడ పట్టుకుని నిలబడు. నేను ఆ వైపు కిటికీ దగ్గర కూర్చుంటాను. రైలు ఆగేటప్పుడు కుడి కన్ను చేత్తో మూసుకుని, ఎడమ కంటితో నీ కోసం చూస్తాను. నువ్వు కనిపించావా, ఆ రెండు వేల రెండు వందల బాకీ మాఫీ చేసేస్తాను. కనిపించకపోతే వడ్డీతో సహా కక్కిస్తాను.

ఆ బూడిద రంగు కోటు మాత్రం వేసుకోకు. గోడలో కలిసిపోతావు. అమ్మ ఎర్ర శాలువా ఉంది కదా, అది కప్పుకో.

కుర్దిన్